‘అప్’ అంటే పైకి మాత్రమే కాదు

కొన్నేళ్ల కిందట ఒక ఇంటర్వ్యూ నా చేతికి అందకుండా పోయింది, కారణం ‘అప్’ అనే చిన్న ఇంగ్లిష్ మాట. గురువారం జరగాల్సిన కాల్‌ని రెండు రోజులు ‘మూవ్‌డ్ అప్’ అని మెయిల్లో రాశారు, కొత్త తేదీ విడిగా ఇవ్వలేదు. అప్ అంటే పైకి, పైకి అంటే పెద్ద అంకె, అంటే శనివారం అనుకుని నిశ్చింతగా ప్రిపేర్ అవుతూ కూర్చున్నాను. బుధవారం పొద్దున ఇంకో మెయిల్, నిన్న కాల్‌లోకి ఎందుకు రాలేదని. తేదీ విషయంలో మూవ్‌డ్ అప్ అంటే అనుకున్నదానికంటే ముందే పెట్టేయడం అని నాకు అప్పుడు తెలిసింది. చాలా బాధపడ్డాను. ఆ రోజు నుంచి ఈ మాట ఎక్కడ కనబడినా ఆగి చూడటం అలవాటైంది.

పైకి అనే అర్థం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మెట్లెక్కడం, చెయ్యెత్తడం, అంతే. తర్వాతి మెట్టు ‘ఎక్కువ’. ధరలు, సౌండ్, స్పీడు, ఏది పెరిగినా అప్. 1980లో భాషా శాస్త్రవేత్త జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ దీనికి మంచి కారణం చెప్పారు: కుప్పలో ఇంకొంచెం పోస్తే కుప్ప ఎత్తు పెరుగుతుంది, పాత్రలో నీళ్లు పోస్తే మట్టం లేస్తుంది, కళ్లతో రోజూ చూసే ఈ అనుభవమే మాటల్లోకి వచ్చిందని. మనమూ కోపం తలకెక్కిందనీ, జీవితంలో పైకొచ్చాడనీ అంటాం కదా, కాబట్టి ఇక్కడిదాకా ఇబ్బంది లేదు.

అసలు చిక్కు ‘ఈట్ అప్’, ‘డ్రై అప్’, ‘యూజ్ అప్’ దగ్గర. తినడంలో పైకి ఏముంది? ఎండిపోవడంలో పైకి ఏముంది? నేను చాలాకాలం వీటిని ఒక్కొక్కటిగా బట్టీ పట్టాను. ఒకరోజు ‘డ్రింక్ అప్’కి తెలుగేమిటా అని ఆలోచిస్తుంటే నోటికి ‘తాగు’ రాలేదు, ‘తాగెయ్’ వచ్చింది. అక్కడ తట్టింది. ఈట్ అంటే తిను, ఈట్ అప్ అంటే తినెయ్. టేర్ అప్ చింపెయ్, యూజ్ అప్ వాడెయ్. ఎవరూ చెయ్యకుండా దానంతట అది జరిగేదైతే ‘పో’ వస్తుంది: డ్రై అప్ ఎండిపో, బర్న్ అప్ కాలిపో. పని మొదలై ఆగకుండా చివరిదాకా వెళ్లిందని చెప్పడానికి మనం క్రియ చివర వేయు, పోవు తగిలిస్తాం, ఇంగ్లిష్‌వాళ్లు అప్ తగిలిస్తారు. మన ‘తినేశాను’లో వేయడం ఎంత ఉందో, వాళ్ల ఈట్ అప్‌లో పైకి అంతే ఉంది! ఇంగ్లిష్ ఒక్కదానికే కాదు, దాని దాయాది జర్మన్ మాట ‘ఔఫ్’ కూడా ఇదే పని చేస్తుంది, ‘ఔఫెసెన్’ అంటే మిగల్చకుండా తినడం. గ్లాసు నిండేకొద్దీ నీళ్లు పైకొచ్చి అంచు తాకితే పని అయిపోయినట్టే, బహుశా పూర్తి అనే అర్థం అలా పుట్టి ఉంటుందని నా ఊహ.

టైమ్ ఈజ్ అప్ అంటే టైమ్ అయిపోయింది. ఇందులోనూ ‘పో’ ఉంది చూడండి.

అన్నిటికీ ఈ కిటుకు పనిచేయదు. ‘గివ్ అప్’ (వదులుకోవడం), ‘షో అప్’ (వచ్చి కనబడటం), ‘పుట్ అప్ విత్’ (భరించడం) విడిగా నేర్చుకోవాల్సిందే. ‘మేకప్’ సంగతి సరే సరి, ముఖానికి రంగు వేసుకున్నా, కథ అల్లినా, పోట్లాడి మళ్లీ కలిసిపోయినా, ఒక నిర్ణయానికి వచ్చినా అదే మాట. ‘స్లో అప్’ అన్నా ‘స్లో డౌన్’ అన్నా నెమ్మదించడమే, ‘ఐయామ్ అప్ ఫర్ ఇట్’ అన్నా ‘ఐయామ్ డౌన్ ఫర్ ఇట్’ అన్నా నేను రెడీ అనే. పైకీ కిందకీ తేడా లేకపోతే ఎలా అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు, పక్కనున్న క్రియతో కలిపి వినండి అంటాను.

మొన్న ఒక కాల్‌లో అవతలివాళ్లు ‘యూ ఆర్ బ్రేకింగ్ అప్’ అన్నారు. ఈసారి తడుముకోలేదు, మాట తెగిపోతోందంటున్నారని అర్థమై కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాను.