జెస్సీ అమ్మమ్మ కోసం ఎనిమిది నెలలు, నలభై అయిదు పౌండ్లు

ముందే చెప్తున్నా, ఇది నా వంశం కాదు, మా ఆయన తరఫుది. మేముండేది స్కాట్లండ్‌లోని డండీలో, ఆయన పుట్టి పెరిగింది ఇక్కడే, నాది తెనాలి. పోయిన క్రిస్మస్‌కి అత్తగారు ఒక పాత బిస్కట్ల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టారు, లోపల నాలుగు ఫొటోలు, ఒక మిల్లు జీతం కవరు, వెనకాల పెన్సిల్‌తో "జెస్సీ" అని రాసున్న ఒక ఫొటో. జెస్సీ మా అత్తగారికి అమ్మమ్మ, జనపనార మిల్లులో పనిచేసేది, అంతకుమించి అత్తగారికి ఏమీ తెలీదు. సరే చూద్దాం అనుకుని జెస్సీ వంశం వెతకడం మొదలుపెట్టా, ఇప్పుడు ఆగస్టు.

మా అమ్మ ఫోన్లో ఒకటే గోల, "ఆ తెల్లోళ్ళ తాతల సంగతి నీకెందుకే, మీ నాన్న ముత్తాత పేరు చెప్పు చూద్దాం" అని. చెప్పలేను. తద్దినాల్లో చదివే మూడు పేర్ల దాకా మాకు తెలుసు, ఆ పైన శూన్యం. ఇక్కడ మాత్రం పేరూ ఊరూ లేని పాలేరు కూడా ఏదో ఒక పుస్తకంలో ఎక్కి కూర్చున్నాడు, నన్ను లాగింది అదేనేమో.

మొదటి రెండు నెలలూ దండగ. స్కాట్లాండ్స్ పీపుల్ అని గవర్నమెంటు సైట్ ఉంది, వెతకడం ఫ్రీ, అసలు పేజీ బొమ్మ చూడాలంటే క్రెడిట్లు కొనాలి, నేను కొన్నప్పుడు 30 క్రెడిట్లు ఏడున్నర పౌండ్లు, ఒక్కో బొమ్మకి 6 క్రెడిట్లు అంటే పౌండున్నర. జెస్సీ అని కొడితే మన జెస్సీ ఎక్కడా లేదు. వయసు అటూ ఇటూ జరిపా, ఇంటిపేరులో అక్షరం బదులు స్టార్ పెట్టి వెతికా, కనబడిన జెస్సీనల్లా కొన్నా, ముగ్గురూ వేరేవాళ్ళే. తర్వాత తెలిసింది, ఇక్కడ జెస్సీ అంటే చాలాసార్లు జానెట్ కి ముద్దుపేరు! ఎఫీ అంటే యుఫీమియా, బెల్లా అంటే ఇసబెల్లా, పీటర్ ప్యాట్రిక్ ఒకరే కావచ్చు. మనింట్లో బుజ్జి అని పిలిచి స్కూల్లో వెంకట సుబ్బలక్ష్మి అని రాయించినట్టే కదా, ఇది నాకు ముందే తట్టాల్సింది. జానెట్ అని కొట్టగానే 1883, డండీ, పది నిమిషాల పని.

ఈ దేశం రికార్డుల్లో నాకు బాగా నచ్చింది ఆడవాళ్ళ పుట్టింటి పేరు పోకపోవడం. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ 1855 జనవరి 1న మొదలైంది, అప్పట్నుంచి పెళ్ళి సర్టిఫికెట్ మీద ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ, తల్లి పుట్టింటి పేరుతో సహా ఉంటాయి, చావు సర్టిఫికెట్ మీద కూడా ఉంటాయి. పక్కనే ఇంగ్లండులో ఆ కాలం పెళ్ళి కాగితం మీద తండ్రి ఒక్కడే. అందుకని స్కాట్లండ్ లైన్ పట్టుకుంటే చావు కాగితం నుంచి వెనక్కి మెట్లు దిగినట్టు దిగొచ్చు. ఆ మొదటి సంవత్సరం 1855లో అయితే ఇంకా బోలెడు రాయించారు, అమ్మానాన్నల వయసు, పుట్టిన ఊరు, అంతకుముందు పిల్లలెంతమంది, అందులో బతికినవాళ్ళెంతమంది, రాయలేక గుమాస్తాల చేతులు పడిపోయాయేమో 1856కే తగ్గించేశారు. పుట్టుక కాగితంలో అమ్మానాన్నల పెళ్ళి తారీఖు మళ్ళీ 1861 నుంచి వచ్చింది. జెస్సీ నాన్న పుట్టింది 1859లో, సరిగ్గా ఆ సందులో, మన అదృష్టం అలాంటిది.

1891 సెన్సస్ పేజీ కొన్నా, అది మాత్రం పెట్టిన డబ్బులకి తగినదే. జెస్సీకి ఎనిమిదేళ్ళు, అమ్మ మిల్లులో స్పిన్నర్, నాన్న బండి తోలేవాడు, పిల్లలు ఆరుగురు, చివరి గడిలో ఒక అంకె ఉంటుంది, కిటికీ ఉన్న గదులు ఎన్ని అని. రెండు. ఎనిమిది మంది, రెండు గదులు. అత్తగారికి చూపిస్తే ఆ రెండు మీద వేలు పెట్టి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత లేచి టీ పెట్టారు.

అక్కణ్ణుంచి జెస్సీ నాన్న తరఫు తాత దగ్గరికి. ఈయన ఫార్ఫర్ దగ్గర పొలాల్లో నాగలి దున్నేవాడు, పోయింది 1891లోనే. ఇక్కడే అసలు చిక్కు. ఆన్‌లైన్‌లో జనం పెట్టుకున్న వంశవృక్షాలు నాలుగు దొరికాయి, నాలుగూ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట, ఈయన తండ్రి కిరీముయిర్‌లో మగ్గం నేసేవాడని. నాలుగు చోట్ల ఉంటే నిజమే అనుకుని నేనూ ఎక్కించేసుకున్నా, ఆ నేతగాడి వైపు ఇంకో రెండు తరాలు వెనక్కి పోయి నాలుగు బొమ్మలు కూడా కొన్నా, ఆరు పౌండ్లు బూడిదలో పోసిన పన్నీరు. తర్వాత తీరిగ్గా 1858 పెళ్ళి సర్టిఫికెట్ తీస్తే, పెళ్ళికొడుకు తల్లి పేరు ఉంది, తండ్రి గడి ఖాళీ. ఖాళీ! చావు కాగితంలోనేమో తండ్రిగా ఆ నేతగాడి పేరే ఉంది. తేడా ఏంటంటే పెళ్ళప్పుడు చెప్పింది ఆయనే, చావప్పుడు చెప్పింది ఆయన కొడుకు. కొడుక్కి తెలిసిన తాత ఆ నేతగాడే మరి. నలుగురూ చావు కాగితం ఒక్కటే చూశారు, కాదు, ఒకళ్ళు చూశారు, ముగ్గురు కాపీ కొట్టారు.

అప్పుడు పాత చర్చి రిజిస్టర్లలో, అంటే 1855కి ముందువి, తల్లి పుట్టింటి పేరుతో వెతికా. ఆవిడకీ నేతగాడికీ పెళ్ళి ప్రకటన 1837. పిల్లాడి బాప్తిస్మం 1834, పక్కన "నాచురల్ సన్" అని చిన్న మాట, అంటే పెళ్ళి కాకుండా పుట్టినవాడు. సవతి తండ్రి ఇంటిపేరు పెట్టుకుని జీవితమంతా బతికేశాడన్నమాట. 1841 సెన్సస్‌లో ఏడేళ్ళ పిల్లాడిగా ఆ ఇంట్లోనే ఉన్నాడు. (ఆ సెన్సస్ చూసేవాళ్ళు జాగ్రత్త, పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసు అయిదుకి కుదించి రాశారు, 29 అయితే 25 అని ఉంటుంది. చుట్టరికాలు కూడా రాయలేదు, అవి కావాలంటే 1851 చూడాలి.)

మరి అసలు తండ్రెవరు? దీనికి కిర్క్ సెషన్ మినిట్స్ అని ఉన్నాయి, చర్చి పెద్దల పంచాయితీ పుస్తకాలు, అదే సైట్లో లాగిన్ అయితే ఫ్రీగా చూడొచ్చు. ఇండెక్స్ ఉండదు, పేజీ పేజీ తిప్పాలి, ఇంకు మరకలు, కోడిగీతలు. పిల్లాడు పుట్టింది జూన్, అంతకు నాలుగు నెలల ముందు నుంచి చదవడం మొదలుపెట్టా, రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక గంట. పన్నెండో రోజు దొరికింది. ఏప్రిల్‌లో ఆ పిల్ల "కంపియర్డ్", అంటే పెద్దల ముందు హాజరైంది, పొలం పనిమనిషి, గర్భవతినని ఒప్పుకుంది, ఎవరు అని అడిగితే అదే పొలంలో దున్నేవాడి పేరు చెప్పింది, ప్రస్తుతం టానడైస్ పారిష్‌లో (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళు) ఉంటున్నాడు అని కూడా. ఇది నాకు నమ్మబుద్ధేసింది ఎందుకంటే ఇక్కడ పాలేళ్ళు మేలోనో నవంబరులోనో గడువు అయిపోగానే ఇంకో పొలానికి మారిపోయేవాళ్ళు, నవంబరు గడువుకి వీడు వెళ్ళిపోయుంటాడు, తనకి విషయం తెలిసేసరికి వాడు ఊళ్ళో లేడు. టానడైస్ పెద్దలకి ఉత్తరం రాశారు. వాడు మొదట కాదన్నాడు. ఆగస్టులో వచ్చి ఒప్పుకున్నాడు. ఇద్దర్నీ మందలించి వదిలేశారు. పెళ్ళి మాట ఎక్కడా లేదు. ఆ పేజీ చదివేటప్పుడు రాత్రి పన్నెండున్నర, మా ఆయన్ని లేపి చదివి వినిపించా, ఆయన విని "పాపం" అని మళ్ళీ పడుకున్నారు.

ఈ పాలేరు ఇంటిపేరుతో కెనడాలో ఒకావిడ వృక్షం పెట్టుకుని ఉంది, టానడైస్ నుంచే వెళ్ళినవాళ్ళు. మెసేజ్ పెడితే మూడు వారాలకి జవాబిచ్చింది, వాళ్ళ కుటుంబం బైబిల్ లోపలి అట్ట ఫొటో పంపింది, అందులో వాడు ఆ తర్వాత చేసుకున్న పెళ్ళి, తొమ్మిదిమంది పిల్లలు. నేను కిర్క్ పేజీ పంపా, ఆవిడకి ఈ కథ తెలీదు. అత్తగారి డీఎన్ఏ ఆవిడతో 19 సెంటీమోర్గాన్లు (ఇద్దరి డీఎన్ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత) కలిసింది. అది ఒక్కటే అయితే నేను లెక్కలోకి తీసుకోను, 19 అంటే ఎటునుంచైనా రావచ్చు, కాగితాలతో కలిపితే మాత్రం కుదురుతోంది. వృక్షంలో పెన్సిల్‌తోనే రాశా ఇంకా.

బైబిల్లో ఒకటి గమనించా, అలెగ్జాండర్ అని ఇద్దరు. మొదటివాడు రెండేళ్ళకి పోతే తర్వాతి పిల్లాడికి అదే పేరు పెట్టేశారు. మన వైపు పిల్లలు దక్కకపోతే పెంటయ్య, పుల్లయ్య అని పెట్టి యముడి కళ్ళుగప్పుతాం, వీళ్ళు పోయిన పేరునే మళ్ళీ పిలిచారు. పెద్దకొడుక్కి నాన్న తరఫు తాత పేరు, రెండోవాడికి అమ్మ తరఫు తాత పేరు అనే ఆనవాయితీ ఉంది కదా, ఆ పేరు వదులుకోలేరు. కాబట్టి పేరూ ఊరూ కలిసింది కదా అని మొదటి అలెగ్జాండర్‌ని పట్టుకుంటే చచ్చిపోయినవాడికి మనవల్ని అంటగట్టినట్టే.

ఖర్చు లెక్క: నాలుగు సార్లు క్రెడిట్లు, 30 పౌండ్లు, 20 బొమ్మలు, అందులో ఏడు అక్కర్లేనివి. ఇంకో 15 పౌండ్లు ఎడిన్‌బరాలో ఆ సైట్ వాళ్ళ సెంటర్‌లో ఒక రోజు పాస్, అక్కడ కూర్చుని ఎన్నయినా చూడొచ్చు, ఆన్‌లైన్‌లో పుట్టుకలు వందేళ్ళు, పెళ్ళిళ్ళు 75, చావులు 50 దాటితే గానీ కనిపించవు, అక్కడైతే దగ్గరి కాలానివి కూడా కనిపిస్తాయి. పదికి మించి బొమ్మలు చూడాల్సి ఉంటే అదే నయం, ముందే లిస్టు రాసుకుని వెళ్ళాలి, నేను రాసుకోకుండా వెళ్ళి మధ్యాహ్నం దాకా నేతగాడి చుట్టాల్నే చూస్తూ కూర్చున్నా.

ఇప్పుడు మిగిలింది ఆ పిల్ల సంగతి, అంటే జెస్సీ తాత తల్లి. 1834లో పనిచేసిన పొలం పేరు మినిట్స్‌లో ఉంది, స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ పాత మ్యాపుల్లో దొరికింది, ఇప్పటి మ్యాపులో లేదు. ఆవిడ పుట్టుక ఎక్కడా దొరకట్లేదు, గ్లెనైలా వైపు అని 1851 సెన్సస్ అంటోంది, 1861 ఏమో ఎయిర్లీ అంటోంది. రెండు పారిష్‌లూ చూడాలి. లిస్టు ఫ్రిజ్ మీద అంటించా, వచ్చే నెల ఇంకో పాస్.