లింక్స్ ఏం తిందో సీజియం చెబుతుంది

1986 ఏప్రిల్ చివర్లో చెర్నోబిల్ అణు ప్రమాదపు మేఘం స్వీడన్ మీదుగా వెళ్తున్నప్పుడు యెవ్లే పట్టణం చుట్టుపక్కల వాన పడింది. వాన పడ్డచోటల్లా సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం నేలకు దిగింది, పడని చోట అంతగా దిగలేదు. అందుకే అక్కడి కాలుష్య పటం మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

అలాగని ఆ పటం ఒక్కదాన్నే నమ్ముకుని అడవి జంతువు మాంసంలో ఎంత సీజియం ఉంటుందో చెప్పబోతే లెక్క తప్పుతుంది. లింక్స్ అనే పెద్ద అడవిపిల్లినే తీసుకోండి. నేల కాలుష్యం ఒకేలా ఉన్నా, రెయిన్‌డీర్‌ను వేటాడే లింక్స్ కండలో సీజియం ఎక్కువ, రో జింకల మీద బతికేదాని కండలో తక్కువ. రెయిన్‌డీర్ చలికాలమంతా లైకెన్ మేస్తుంది, అంటే నేలకూ రాళ్లకూ చెట్లకూ అంటుకుని పెరిగే నాచులాంటిది. లైకెన్‌కు వేళ్లుండవు. నీరూ పోషకాలూ వానలోంచి, గాలిలోంచే తీసుకుంటుంది కాబట్టి పైనుంచి పడ్డ సీజియాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి వదలదు.

సీజియాన్ని ఒళ్లు పొటాషియం అనుకుని కండలోకి పంపుతుంది. వేటాడే జంతువు తినేది ప్రధానంగా ఆ కండనే. అందులోని సీజియం దాదాపు మొత్తం పేగుల్లోంచి రక్తంలోకి వెళ్తుంది, బయటకు పోవడం మాత్రం నెమ్మది. అణుబాంబు పరీక్షల కాలంలో, 1960లలో, అలాస్కా తోడేళ్ల కండలో అవి తిన్న కారిబూ జింకల్లో కన్నా సుమారు రెట్టింపు సీజియం కనబడింది. మరో రేడియోధార్మిక పదార్థం స్ట్రాన్షియం-90 దారి వేరు. అది ఎముకలో కూర్చుంటుంది, కాబట్టి కండ తినేవాటికి అందేది తక్కువే.

పొలాల్లో ఈ బెడద ఎప్పుడో తగ్గింది. బంకమన్ను రేణువులు సీజియాన్ని బిగించి పట్టేస్తాయి, పొటాష్ ఎరువు వేస్తే మొక్క దాన్ని అంతగా తీసుకోదు, దున్నితే లోపలికి పోతుంది. అడవిలో ఈ మూడూ లేవు. పైపొరంతా కుళ్లిన ఆకూ సూదులూ, పుల్లటి నేల, పొటాషియం కొరత. శిలీంధ్రాల దారాలు సీజియాన్ని అక్కడికక్కడే తిప్పుతుంటాయి. సీజియం-137 అర్ధాయువు, అంటే సగం క్షీణించడానికి పట్టే కాలం, 30 ఏళ్లు. ఇన్నేళ్లలో దాదాపు 60 శాతం క్షీణించినా అడవి మాంసంలో ఆ మేరకు తగ్గిందనుకోవడానికి లేదు.

జర్మనీలోని బవేరియా అడవిపందే ఇందుకు సాక్ష్యం. చలికాలంలో మేత కరువైతే అది మట్టి తవ్వి ఎలాఫోమైసిస్ అనే ట్రఫుల్ (నేల లోపల పెరిగే శిలీంధ్రం) తింటుంది. ఏడాదికి ఓ మిల్లీమీటరు లెక్కన కిందికి జారే సీజియం ఆ లోతుకు ఆలస్యంగా చేరుతోంది. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో పంది మాంసం నమూనాల్లో 88 శాతం, జర్మనీ పరిమితి అయిన కిలోకు 600 బెక్వెరెళ్లను దాటాయి (సెకనుకు ఒక పరమాణువు క్షీణిస్తే ఒక బెక్వెరెల్). సీజియం-135, 137 అనే రెండు రకాల నిష్పత్తి అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది. దాన్నిబట్టి చూస్తే ఆ మాంసంలోని సీజియం-137లో 12 నుంచి 68 శాతం దాకా చెర్నోబిల్‌ది కాదు, పాత బాంబు పరీక్షలది! ఓక్, బీచ్ కాయలు బాగా కాసిన ఏడు పందికి ట్రఫుల్ అవసరం తగ్గుతుంది, రీడింగూ దిగుతుంది. కాబట్టి ఏ నెలలో వేటాడారో రాయని నమూనా నా దృష్టిలో సగం నమూనాయే.

కొలత దగ్గరే ఎక్కువమంది తప్పుచేస్తారు. వికిరణం తగిలితే టిక్కుమనే చేతి పరికరం గైగర్ కౌంటర్‌ను మాంసం ముక్క దగ్గర పెట్టి "టిక్కుటిక్కు లేదు, తినొచ్చు" అనడం ఉత్త భ్రమ. 600 బెక్వెరెళ్లను అది పరిసర వికిరణం నుంచి విడదీయలేదు. గామా కిరణాలను వాటి శక్తిని బట్టి విడదీసి చూపే గామా స్పెక్ట్రోమీటర్ కావాలి. కొవ్వు, ఎముక తీసేసి, కండను కీమా కొట్టి, డబ్బాలో గాలి సందులు లేకుండా నింపి, బరువు రాసి, సీసపు గూటిలో ఉంచి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తికి కొలమానం) దగ్గర సీజియం-137 శిఖరం చూడాలి. 1460 దగ్గర కనిపించే శిఖరం సహజంగా ఉండే పొటాషియం-40ది. ఏ మాంసంలోనైనా కిలోకు సుమారు 100 బెక్వెరెళ్లు ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. డబ్బా సగమే నింపి, నిండు డబ్బాకు చేసిన కాలిబ్రేషన్ వాడితే అంకె తప్పు వస్తుంది. పుట్టగొడుగుల్లో ఇంకో తిరకాసు: తడి బరువా, ఎండు బరువా? 90 శాతం నీరే కనుక తేడా పదింతలు.

స్వీడన్‌లో వేటమాంసానికి పరిమితి కిలోకు 1500 బెక్వెరెళ్లు, జపాన్‌లో 100. 1500 ఉన్న కిలో మాంసం తింటే పెద్దవాళ్లకు వచ్చే డోసు దాదాపు 20 మైక్రోసీవర్టులు (ఒంటికి అందే వికిరణానికి కొలమానం). ఎప్పుడో ఒక పూట తింటే భయపడేంత కాదు, వారం వారం వండుకునే వేటగాళ్ల ఇళ్లలో లెక్క వేరు.

రెయిన్‌డీర్‌కు కోతకు ముందు శుభ్రమైన మేత పెడితే రెండు మూడు వారాలకోసారి సీజియం సగమవుతుంది. 6000 ఉన్నది 1500కు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. నార్వేలో ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పదార్థం కలిపిన ఉప్పుదిమ్మలు కూడా పెట్టారు. అది పేగుల్లోనే సీజియాన్ని కట్టేసి పేడతో పంపేస్తుంది. తోడేలుకూ లింక్స్‌కూ ఇవేవీ పెట్టలేం, వాటి మోతాదు వాటి ఎర చేతిలోనే ఉంది.

స్వీడన్, దక్షిణ జర్మనీల్లో ఉంటూ శరదృతువులో పుట్టగొడుగులు ఏరుకొచ్చే మనవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కార్టినేరియస్ కాపెరాటస్, గోధుమరంగు బే బొలీట్ లాంటి పుట్టగొడుగులు సీజియాన్ని బాగా పీలుస్తాయి. ముక్కలు కోసి నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది. మాంసాన్ని ఉప్పునీళ్లలో నానబెట్టినా అంతే, ఆ నీళ్లతో గ్రేవీ చేయకూడదు. ఫ్రీజర్‌లో పెడితే ఏమీ తగ్గదు, ఎండబెడితే కిలోకు అంకె పెరుగుతుంది.