ముందు మట్టి ఎక్కడ పోస్తారో చెప్పాలి

అట్లాంటా వైపు తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్తే మొదట అడిగేది "ఏ టెక్నాలజీ అండీ?" అనే. మట్టి తవ్విస్తాను అంటే జోకనుకుని నవ్వుతారు. మా సైదాపురంలో ఈ మాటకి ఎవరూ నవ్వరు. మైకా గనుల మధ్య పెరిగాం, గూడూరు పాలిటెక్నిక్‌లో మైనింగ్ చదివినవాళ్ళు మా చుట్టాల్లోనే బోలెడు.

నేనుండేది జార్జియా నడిమధ్యన, శాండర్స్‌విల్ దగ్గర. కేయోలిన్ అనే తెల్లమట్టికి ప్రపంచ రాజధాని తమదేనని ఆ ఊరివాళ్ళ గొప్ప. అక్టోబరులో ఆ మట్టి పేరున తిరనాళ్ళ కూడా జరుపుతారు. కోట్ల ఏళ్ళ కిందట ఎగువ రాళ్ళలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నాని మెత్తబడి, నదుల్లో కొట్టుకొచ్చి, అప్పటి సముద్రం ఒడ్డున పేరుకున్న తెల్లమట్టి ఇది. మా ఊళ్ళో మైకాతో పాటు బయటపడే ఫెల్డ్‌స్పార్‌కి చుట్టమే. కాగితం నునుపుకి, పింగాణీకి, రంగులకి వాడతారు. ఇక్కడ కొన్ని కొట్లలో దీని గడ్డల్ని చిన్న సంచుల్లో అమ్ముతారు. 'తినడానికి కాదు' అని పైన రాసుంటుంది, కొనేవాళ్ళు కొనేదేమో తినడానికే. కడుపుతో ఉన్నప్పుడు మట్టి తినేవాళ్ళని మా ఊళ్ళోనూ చూశాను కాబట్టి నాకు వింతనిపించలేదు.

నా పని తవ్వకానికి ప్లాన్ వెయ్యడం, అదీ ఇరవై ముప్పై ఏళ్ళకి. ముందు దూరదూరంగా బోర్లు వేయిస్తాం. మంచి మట్టి తగిలితే వాటి మధ్యన ఇంకొన్ని, ఆ తర్వాత ఇంకా దగ్గరగా. పైకొచ్చిన మట్టిని ముక్కలుగా కోసి ల్యాబుకి పంపితే తెలుపెంత, ఇసకెంత, ఇనుమెంత అని లెక్క వస్తుంది. తెల్లటిదంతా మొదటి ఐదేళ్ళలో లాగేస్తే ఆరో ఏట ఫ్యాక్టరీకి పసుపుమట్టే దిక్కు. అందుకే రెండు మూడు గుంతలు ఒకేసారి తెరిచి, కలిపి పంపిస్తాం.

అసలు తలనొప్పి పైమట్టితో. అడుగున ముప్పై అడుగుల తెల్లమట్టి ఉంటే దాని నెత్తిన ఎర్రమట్టీ ఇసకా వంద అడుగులు ఉండొచ్చు. ఖర్చంతా దాన్ని మొయ్యడానికే. మొదటి గుంతది పొయ్యడానికి చోటుండదు కాబట్టి బయట గుట్ట వేస్తాం. రెండో గుంతది మొదటి గుంతలోకి, మూడోది రెండోదాంట్లోకి. ఒకసారి ఎత్తిన మట్టిని మళ్ళీ ఎత్తామా, డీజిల్ రెండింతలు. తవ్విన మట్టి ఉబ్బుతుంది కనుక తెల్లమట్టి పోయినా గుంత చాలావరకు పూడుతుంది. ఆఖరి గుంతని ఎక్కువగా చెరువుగా వదిలేస్తారు. 1968 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం, తర్వాత భూమిని ఏం చేస్తారో ముందే రాసిచ్చి, పూచీ కడితేగానీ పర్మిట్ రాదు. అయితే నేను చూసినంతలో, పక్కనే ఖాళీ గుంత పెట్టుకుని మట్టిని దూరం తోలడం దండగ కాబట్టి కూడా పూడుస్తారు. చట్టానికీ డీజిల్‌కీ లెక్క కుదిరింది, అంతే.

పూడ్చాక వాలు సరిచేసి, విడిగా దాచిన మేల్మట్టి, అంటే మొక్క మొలిచే పైపొర, పరిచి, గడ్డి విత్తనం చల్లి, తర్వాత పైన్ మొక్కలు నాటుతాం. జులై సాయంత్రాల్లో వాన దంచితే మొలకెత్తని వాలు మీద బెత్తెడు లోతు చాళ్ళు పడతాయి. ఎర్రనీళ్ళు, బురద ఆపడానికి కట్టిన మడుగు దాటి వాగులో కలవకూడదు. మర్నాడు పొద్దున్నే బూట్లకి చెరో కిలో బురదతో ఆ చాళ్ళు పూడ్పించి, పైన గడ్డి పరిపించడం నా పనే.

మా వైపు మైకా గుంతలు పూడ్చిన పాపాన ఎవరూ పోలేదు. అందుకే మొన్న మా మామయ్య ఫోన్ చేసి, "అబ్బయ్యా, రోడ్డు పనికి గ్రావెల్ కావాలని మన మెట్ట అడగతా ఉండారు. టిప్పర్‌కి ఇంతని ఇస్తారంట. ఏం రాయించుకోమంటావు?" అంటే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ గుంతలోంచి అమ్ముడుపోయేది కొంచెం, మిగిలేదెక్కువ. గ్రావెల్‌కి అది తిరగబడుతుంది. తీసిందంతా టిప్పరెక్కి పోతే పూడ్చడానికి ఏం మిగులుతుంది?

"లోతు ముందు రాయించు మావా. నీళ్ళు నిలవకుండా పక్క కాలవలోకి వాలుండాల. పైన అడుగు మట్టి గట్టున విడిగా పోయించు. తవ్విన ఎకరా చదును చేసి ఆ మట్టి మళ్ళీ పరిచినాకే రెండో ఎకరాలో పొక్లెయిన్ దిగాల. చివర్లో అంతా ఒకేసారి చేస్తామంటే ఒప్పుకోబాక" అన్నాను.

రెండ్రోజులకి మళ్ళీ ఫోన్. టిప్పర్‌కి ఇంకో యాభై రూపాయలు పెంచుతామన్నారట.

"లోతు సంగతి?"

"దాని మాటే ఎత్తలేదబ్బయ్యా."

ఆదివారం మళ్ళీ వస్తారట. వాళ్ళొచ్చే టైముకి వీడియో కాల్ చెయ్యమన్నాను.