తాళం చెవి ఉన్నా బెల్లు కొట్టాలి

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో నేను కేర్ వర్కర్‌ని, వైకల్యం ఉన్న ఒకాయనకు ఆయన ఇంట్లోనే తోడుగా ఉండడం నా పని. ఆ ఇంటి తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. అయినా డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా బెల్లు కొట్టి, ఆయన వచ్చి తలుపు తీసేదాకా బయట నిలబడాలి. వానైనా సరే, చలైనా సరే. అద్దె ఒప్పందం ఆయన పేరు మీద ఉంది. అది ఆయన ఇల్లు.

ఆయన పేరు రాయను, రాయకూడదు కూడా. నలభై దాటిన మనిషి. పుట్టుకతో మేధో వైకల్యం. చదవడం రాదు, చిల్లర లెక్క తెలియదు, మాటలు చాలా తక్కువ.

ఈ పద్ధతిని ఇక్కడ సపోర్టెడ్ లివింగ్ అంటారు. కేర్ హోమ్‌లో గది, తిండి, చూసుకునే మనుషులు అన్నీ ఒకే సంస్థ చేతిలో ఉంటాయి. సపోర్టెడ్ లివింగ్‌లో ఇల్లు అద్దెకిచ్చేది ఒకరు, మేము ఇంకొక సంస్థ మనుషులం. అద్దె హౌసింగ్ బెనిఫిట్ అనే ప్రభుత్వ సాయం నుంచి వస్తుంది. 2014 కేర్ యాక్ట్ ప్రకారం ఆయన అవసరాలు అంచనా వేసి, మేము పనిచేసే గంటలకు కౌన్సిల్, అంటే ఊరి స్థానిక పాలక సంస్థ, డబ్బు కడుతుంది. రేపు మేము నచ్చకపోతే, ఆయన ఇల్లు కదలకుండానే మమ్మల్ని మార్చుకోవచ్చు. ఒకప్పుడు ఇలాంటి వాళ్ళను పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో పడేసి బతుకంతా అక్కడే గడిచిపోనిచ్చేవారు. కార్డిఫ్‌లోని ఈలీ ఆసుపత్రిలో జరిగిన దారుణాల మీద 1969లో విచారణ నివేదిక వచ్చాకే దేశం కళ్ళు తెరిచింది. అయినా 2011లో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ఆసుపత్రిలో సిబ్బంది రోగుల్ని హింసించడం బీబీసీ రహస్య కెమెరాకు చిక్కింది. బెల్లు దగ్గర అంత పట్టింపు ఎందుకో ఇవన్నీ చదివితే అర్థమవుతుంది.

ఆయన టీ పెట్టుకోవడం చూడాలి. చెయ్యి వణుకుతుంది కాబట్టి కెటిల్‌ను ఒక స్టాండులో బిగించారు. ఎత్తక్కర్లేదు, ముందుకు వంచితే చాలు. కప్పులో టీ బ్యాగు వేస్తారు. పాల కోసం ఫ్రిజ్ తీసి, తీసింది ఎందుకో మర్చిపోయి, కాసేపు జామ్ సీసా చూస్తూ నిలబడతారు. మళ్ళీ గుర్తొస్తుంది. నేను పెడితే రెండు నిమిషాల పని, ఆయనకు పావుగంట పైనే. అంతసేపూ చేతులు కట్టుకుని, వేడినీళ్ళ మీద మాత్రం కన్ను వేసి నిలబడడమే నా ఉద్యోగం. గిన్నె లాక్కుని చేసిపెట్టడమే ప్రేమ అనుకునే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఇది కష్టమైన పని.

దీని వెనక 2005 నాటి మెంటల్ కెపాసిటీ యాక్ట్ ఉంది. కాదని తేలేదాకా వయసొచ్చిన ప్రతి మనిషికీ సొంతంగా నిర్ణయించుకునే శక్తి ఉందనే అనుకోవాలి. తీసుకున్న నిర్ణయం మనకు తెలివితక్కువగా కనిపించినంత మాత్రాన ఆ శక్తి లేదనడానికి వీల్లేదు. మొన్న ఆయన వారం డబ్బుల్లో సగం ఒక పాత రైలింజన్ బొమ్మకే పెట్టారు. ఆ డబ్బుతో ఇంకేమేం వస్తాయో ఫొటో కార్డులు పరిచి చూపించాను. ఓపిగ్గా అన్నీ చూసి ఇంజనే తీసుకున్నారు. రసీదు లెక్కల పుస్తకంలో అతికించి ఇద్దరం సంతకం చేశాం. ఆయన సంతకం ఒక వంకర గీత. ఆపరేషన్ లాంటి పెద్ద విషయాలు వచ్చినప్పుడు, అనుమానం ఉంటే ఆ ఒక్క విషయం వరకే పరీక్షించి చూస్తారు. ఒకటి తెలియదని అన్నీ తెలియవని రాసిపారెయ్యరు.

అంతా బాగుందని చెప్పను. రాత్రి అక్కడే పడుకునే స్లీప్-ఇన్ డ్యూటీకి గంటల లెక్క లేకుండా రాత్రికి ఇంత అని ఇచ్చి సరిపెడతారు. నిద్రపోయే గంటలకు కనీస వేతనం ఇవ్వక్కర్లేదని 2021లో ఇక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. 2022లో కేర్ వర్కర్లకు వీసా తలుపులు తెరిస్తే నాలాంటి వాళ్ళం చాలామంది వచ్చాం. 2024 మార్చి నుంచి కొత్తగా వచ్చేవాళ్ళు కుటుంబాన్ని తెచ్చుకోవడానికి లేదు. 2025 జూలైలో విదేశాల నుంచి కొత్తవాళ్ళను తీసుకోవడమే ఆపేశారు. మనుషులు మాటిమాటికీ మారితే నలిగిపోయేది ఆయనే. ఆయన ‘ఊఁ’ అంటే అది అవునో కాదో కొత్త మనిషికి తెలియడానికే నెలలు పడుతుంది.

ఖమ్మంలో మా పిన్ని కొడుకుదీ ఇదే పరిస్థితి. వాడికి ముప్పై దాటాయి. ఇప్పటికీ అన్నం పిన్నే కలిపి నోట్లో పెడుతుంది. “మేం పోయాక వీడికెవరు దిక్కు?” అని ఫోన్లో ఏడుస్తుంది. అక్కడ గంటల లెక్కన మనిషిని పంపే కౌన్సిల్ లేదు. ఇన్నాళ్ళూ వాణ్ణి నిలబెట్టింది పిన్నే. ఆమెను ఒక్క మాట అనలేను. కానీ పాల ప్యాకెట్‌కు వాణ్ణి పంపు, కొట్టాయనకు ముందే చెప్పి ఉంచు అని పోరుతూనే ఉన్నాను. ఈమధ్య పంపుతోంది. 

మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ళ కోసం మన దేశంలోనూ 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. నిరామయ పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా వస్తుంది. పద్దెనిమిది దాటినవాళ్ళకు కలెక్టర్ ఉండే జిల్లా కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. పిన్ని అందుకే దరఖాస్తు పెడుతోంది. కమిటీ ముందుకు వాణ్ణి కూడా తీసుకెళ్ళమన్నాను, తన తర్వాత ఎవరి దగ్గర ఉంటాడో వాణ్ణే అడగనివ్వమన్నాను.

“వాడేం చెప్తాడే?” అంది.

“చెప్పినంత చెప్తాడు పిన్నీ. మిగిలింది నువ్వు చెప్పు” అన్నాను.