బాకీ ఉందంటే సరిపోదు, లెక్క చూపించమనండి

బ్యాంకు తరఫున అంటూ ఎవరో ఫోన్ చేసి "మీరు ఇంత బాకీ ఉన్నారు, సాయంత్రంలోగా కట్టకపోతే ఇంటికి మనుషులొస్తారు" అనగానే మనవాళ్లలో చాలామంది చేసే మొదటి పని డబ్బు సర్దుకోవడం. ఆ బాకీ నిజమేనా, అందులో అసలెంత, వడ్డీ ఎంత, ఏ తేదీన పడింది అని అడిగేవాళ్లు తక్కువ. వీధిలో నలుగురికీ తెలిస్తే పరువు పోతుందన్న భయం ముందు లెక్క గుర్తుకు రాదు. వసూలు ఏజెంట్ల పని సగం ఆ భయంతోనే నడుస్తోందని నేను గట్టిగా నమ్ముతాను. మా బాబాయ్ విషయంలో దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

బాబాయ్ రిటైర్డ్ టీచర్. 2023లో పెన్షన్ పని మీద బ్యాంకుకు వెళ్తే అక్కడ టేబుల్ వేసుకుని కూర్చున్న అమ్మాయి "మాస్టారూ, ఇది లైఫ్‌టైమ్ ఫ్రీ క్రెడిట్ కార్డు, మీకు రూపాయి ఖర్చుండదు" అని సంతకాలు తీసుకుంది. ఆ కార్డు కవరులోంచి బయటికే రాలేదు, బీరువాలో ఎల్‌ఐసీ కాగితాల మధ్య అలాగే పడి ఉంది. ఏడాది దాటాక ఫోన్లు మొదలయ్యాయి. మొదట్లో "సార్", కొన్నాళ్లకు "ఏమండీ", చివరికి "పెన్షన్ వస్తోందిగా, కట్టడానికి నీకేం రోగం?" దాకా వచ్చింది. ఫోన్ మోగితే చాలు పక్కగదిలోకి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారని, రాత్రిళ్లు నిద్రపోవడం లేదని పిన్ని చెబితే నాకు విషయం తెలిసింది.

ముందు ఏజెంటుతో మాట్లాడటం ఆపించాను. బ్యాంకుకు మెయిల్ పెట్టి, కార్డు ఇచ్చిన రోజు నుంచి అన్ని స్టేట్‌మెంట్లూ తెప్పించాం. మొదటిదాంట్లో వార్షిక రుసుము 499 రూపాయలు, దాని కింద 18 శాతం జీఎస్టీ అని 89 రూపాయల 82 పైసలు. అంతే. తరవాతి నెల లేట్ ఫీ, లేట్ ఫీ మీద జీఎస్టీ, వడ్డీ, ఆ వడ్డీ మీద మళ్లీ జీఎస్టీ. ఇంకొన్ని నెలలకు "కార్డ్ ప్రొటెక్షన్ ప్లాన్" అని ఎవరూ అడగని ఒక లైను వచ్చి చేరింది, ఇక అప్పటినుంచి ప్రతి నెలా అదీ ఉంది. కొన్న వస్తువు ఒక్కటి లేదు, ఏటీఎంలో తీసిన డబ్బు లేదు. ఏమీ కొనని మనిషి పేరు మీద పదకొండు వేల పైచిలుకు బాకీ! ఆ కాగితాలు వరసగా నేల మీద పరిచి చూసుకున్నాక బాబాయ్ ముఖంలో భయం పోయి కోపం వచ్చింది. నాకు కావాల్సింది అదే.

ఎందుకంటే నిబంధనలు మనవైపే ఉన్నాయి. క్రెడిట్ కార్డుల మీద రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కార్డు ఇచ్చి 30 రోజులు దాటినా యాక్టివేట్ కాకపోతే ఓటీపీతో కస్టమర్ అనుమతి అడగాలి, అనుమతి రాకపోతే ఏడు పనిదినాల్లో పైసా ఖర్చు లేకుండా ఖాతా మూసేయాలి. కట్టని ఛార్జీలను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. బిల్లు తప్పని మనం ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో వివరణ ఇవ్వాలి, అవసరమైతే కాగితాలతో సహా. వివాదం తేలకుండా మనం డిఫాల్టర్లమని క్రెడిట్ బ్యూరోలకు, అంటే సిబిల్ లాంటి మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలకు, చెప్పకూడదు. ఈ నాలుగూ ఫిర్యాదులో రాసి, ఒక్కోదానికి ఎదురుగా స్టేట్‌మెంట్ తేదీ, మొత్తం వేశాం. కోపం, తిట్లు ఏమీ లేవు. ఫిర్యాదు నంబరు వచ్చేదాకా వదల్లేదు. ఆ నంబరే అన్నిటికంటే ముఖ్యం, బ్రాంచికి వెళ్లి నోటితో చెప్పి వస్తే రేపు దానికి ఆధారం ఏమీ ఉండదు.

మళ్లీ ఫోన్ వచ్చినప్పుడు బాబాయ్‌కి కాగితం మీద రాసిచ్చిన మాటలివి: "ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు. బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చాను, నంబరు రాసుకోండి. మీ పేరు, ఏజెన్సీ పేరు, బ్యాంకు మీకిచ్చిన ఆథరైజేషన్ లెటర్ పంపండి. ఏం చెప్పాలన్నా రాసి పంపండి. ఈ కాల్ రికార్డ్ చేస్తున్నాను." అవతలి మనిషి "అవన్నీ కుదరవు మాస్టారూ, ఆరు వేలు కట్టేయండి, సెటిల్ చేసేస్తా" అన్నాడు. చూశారా, పదకొండు వేల బాకీ రెండు నిమిషాల్లో ఆరు వేలయింది!

ఫిర్యాదు తేలకముందే కేసును వసూలు ఏజెన్సీకి అప్పగించకూడదని రిజర్వ్ బ్యాంకు 2008లోనే బ్యాంకులకు చెప్పింది. ఊరికే వేధించడానికి మాటిమాటికీ ఫిర్యాదులు చేస్తున్నారని బ్యాంకు దగ్గర సరైన రుజువుంటే తప్ప. ఏజెంటు ఇంటికొస్తే గుర్తింపు కార్డు, ఆథరైజేషన్ లెటర్, నోటీసు కాపీ చేతిలో ఉండాలన్నదీ అప్పటి మాటే. 2022 ఆగస్టులో ఇంకా గట్టిగా చెప్పారు: ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరవాత బాకీ వసూలు కోసం ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, ఇంట్లోవాళ్ల జోలికి, స్నేహితుల జోలికి పోకూడదు. ఏజెంటు చేసిన తప్పుకు బ్యాంకే జవాబుదారీ. అందుకే ఏజెంటుతో వాదించి లాభం లేదు, అతని మాటల రికార్డింగు తీసుకెళ్లి బ్యాంకు ముందు పెట్టాలి.

ఆ "సెటిల్‌మెంట్" గురించి కాస్త ఆగి చెప్పాలి. అది ఉపకారంలా వినిపిస్తుంది. కానీ అలా ముగిసిన ఖాతా క్రెడిట్ రిపోర్టులో "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది, అంటే ఇవ్వాల్సినదానికంటే తక్కువ ఇచ్చి బయటపడ్డారని. రేపు ఇంటి లోన్‌కి వెళ్తే ఆ ఒక్క మాట అడ్డొస్తుంది. ఇంకోటి, పాత బాకీల సంగతి. మన ఊళ్లలో ప్రోనోటు మీద అప్పిచ్చినవాళ్లు మూడేళ్లు నిండబోతుంటే "ఎంతో కొంత ఇచ్చి నోటు వెనక చెల్లు వేసి సంతకం పెట్టు" అని వస్తారు కదా, దాంతో కాలదోషం పట్టబోయే, అంటే కోర్టులో దావా వేసే గడువు తీరిపోబోయే, నోటుకు మళ్లీ మూడేళ్లు గడువొస్తుంది. అదే 1963 నాటి కాలపరిమితి చట్టం బ్యాంకు బాకీకీ వర్తిస్తుంది. కాబట్టి పాత బాకీ గురించి "ఒక్క వెయ్యి వేసి, మిగతాది కడతానని మెయిల్ పెట్టండి" అని ఎవరైనా అడిగితే, ఎందుకు అడుగుతున్నారో ఆలోచించుకుని అప్పుడు చేయండి.

నిజంగా వాడుకున్న డబ్బు ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. అసలు నిజమై ఛార్జీలు మాత్రమే తప్పయితే, ఒప్పుకున్నంత కట్టి, మిగతాది ఎందుకు కట్టడం లేదో అదే రోజు రాతపూర్వకంగా చెప్పండి. ఇక అరెస్టు బెదిరింపులు. అప్పు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, దానికి పోలీసులు రారు. చెక్కు బౌన్సయితే, ఈఎంఐ ఆటో డెబిట్ బౌన్సయితే మాత్రం క్రిమినల్ కేసు పెట్టే వీలుంది, ఆ నోటీసులను తేలిగ్గా తీసుకోవద్దు. లోన్ యాప్‌ల వాళ్లు ఫొటోలు మార్ఫింగ్ చేసి కాంటాక్టులకు పంపుతామంటే అది వసూలే కాదు, నేరం. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. 2020 చివర్లో తెలంగాణలో ఆ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు, అందుకే ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఫోన్లు వస్తున్నాయని తెలిస్తే దయచేసి "నువ్వెందుకు తీసుకున్నావ్" అని మొదలుపెట్టకండి. ముందు పక్కన కూర్చోండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టడానికి రిజర్వ్ బ్యాంకు సీఎంఎస్ పోర్టల్ ఉంది, 14448కి ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బ్యాంకుకు ముందే ఫిర్యాదు చేసినట్టు కాగితం మాత్రం ఉండాలి.

బాబాయ్ విషయం అక్కడిదాకా వెళ్లలేదు. అంబుడ్స్‌మన్‌కు పెట్టబోయే ఫిర్యాదు ప్రతిని బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కు ముందే పంపాం, దాని తరవాత ఛార్జీలన్నీ వెనక్కి తీసుకున్నామని మెయిల్ వచ్చింది. కార్డు మూసేశారు. క్షమాపణ అడిగాం, ఇవ్వలేదు. బాకీ ఏమీ లేదనే నో డ్యూ లెటర్ మాత్రం బ్యాంకు లెటర్‌హెడ్ మీద తీసుకున్నాం.

ఒక పని మిగిలే ఉంది. ఆ తరవాత క్రెడిట్ రిపోర్టు తీస్తే అందులో పాత బాకీ ఇంకా కనిపిస్తోంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, నాలుగూ తీసి చూడండి, ఒకదాంట్లో సరిచేసింది ఇంకోదాంట్లో ఉండిపోవచ్చు. తప్పుందని చెప్పిన 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. నో డ్యూ లెటర్ జతచేసి బ్యూరోకు పంపాం, ఆ గడువు ఇప్పుడు నడుస్తోంది.