పది మీటర్ల అడవి: ఈ ఏడాది లెక్కలు

మార్చి 30
మంచు ఇంకా మోకాలి లోతు ఉంది. అమెరికాలోని వెర్మాంట్ వచ్చి ఆరేళ్లయింది. ప్రతి అక్టోబర్‌లో ఎర్రటి ఆకుల ముందు ఫొటోలు దిగడమే గానీ ఆ చెట్ల పేర్లు ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈసారి వెనకింటి పెద్దాయన్ని అడిగి, ఆయన అడవిలో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ముక్క, అందులోని చెట్లూ మొక్కలూ లెక్కపెట్టడానికి తీసుకున్నాను. నాలుగు మూలలా కర్రలు, చుట్టూ నైలాన్ తాడు. ఆయన మేపుల్ రసం కాస్తున్నారు (40 లీటర్లు కాస్తే దాదాపు లీటరు సిరప్). "మంచు కరిగాక రాకూడదా" అన్నారు. వినలేదు. పావుగంటకే బాల్‌పెన్ను మొరాయించింది. పెన్సిల్ తీసుకెళ్లాలి.

పెద్ద చెట్లు అయిదే. కొలవడానికి టైలర్ టేపు చాలు. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. షుగర్ మేపుల్స్ మూడు, అన్నిటికన్నా లావుది 44 సెంటీమీటర్లు. ఎల్లో బర్చ్ ఒకటి, 31. బీచ్ ఒకటి, 26. గ్రేట్ లేక్స్ నుంచి కెనడా తూర్పు దాకా ఈ మూడూ కలిసి పెరిగే అడవినే ఇక్కడ నార్తర్న్ హార్డ్‌వుడ్ అంటారు.

ఆకుల్లేకుండా పోల్చుకోవడానికి నాకు పనికొచ్చినవి రాస్తున్నా. మేపుల్ రెమ్మలు ఎదురెదురుగా వస్తాయి, మిగతా రెండిటికీ అలా రావు. బీచ్ మాను జామ మానులా నున్నగా ఉంటుంది, మొగ్గలు సూదుల్లా పొడుగ్గా ఉంటాయి. ఎల్లో బర్చ్ బెరడు ఉల్లిపొరల్లా లేస్తుంది, రెమ్మని గోటితో గీకితే అచ్చం జండూ బామ్ వాసన. ఇందులో ఆశ్చర్యమేం లేదు, బామ్‌లో వేసే గంధపుర తైలంలోనూ, ఈ రెమ్మలోనూ ఉన్నది ఒకటే పదార్థం, మిథైల్ సాలిసిలేట్.

ఏప్రిల్ 26
మంచు కరుగుతున్న చోట తడి ఆకులు ఎత్తి చూస్తే మేపుల్ గింజలు అప్పటికే మొలిచి ఉన్నాయి! వీటికి వెచ్చదనం అక్కర్లేదు, ఒక డిగ్రీ సెల్సియస్ దగ్గరే బాగా మొలుస్తాయి. తెల్లటి వేరు కిందికి దిగింది. రిబ్బన్ ముక్కల్లాంటి రెండు బీజదళాలు మడత విప్పుకుంటున్నాయి. ఒకదాని కొసన గింజ పెంకు, రెక్కతో సహా, ఇంకా టోపీలా వేలాడుతోంది. ఒక చదరపు మీటరులో 43 మొలకలు.

మే 7
చెట్లకి ఆకులు రాకముందు నేల దాకా ఎండ పడేది కొద్ది వారాలే. చిన్న మొక్కలు పూత, కాత అన్నీ ఆలోపే కానిచ్చుకోవాలి. ట్రౌట్ లిల్లీలు నూటికి పైగా ఉన్నాయి, పూసినవి మాత్రం నాలుగు. ఒంటి ఆకుది పూయదు, రెండాకులు వచ్చిందే పూస్తుంది. ఆ రెండో ఆకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే కోయలేదు, తొక్కకుండా పలక వేసుకుని కూర్చున్నా. నల్ల ఈగలు మొదలయ్యాయి. టిక్స్ (రక్తం పీల్చే పిడుదులు) భయానికి ప్యాంటు సాక్సులోకి దోపుకుని వెళ్తున్నా. చూడ్డానికి బాగోదు, ఎవరు చూడొచ్చారు!

జూన్ 14
ఇవాళ తప్పు బయటపడింది. మోకాలి కన్నా ఎత్తున్న పిల్ల చెట్లు లెక్కపెడితే బీచ్‌వి 61, షుగర్ మేపుల్‌వి 14. బీచ్ విత్తనాలు ఇంత బాగా మొలుస్తున్నాయా అనుకుంటూ నోట్‌బుక్‌లో అన్నీ "విత్తన మొక్కలు" అని రాసేశాను. పెద్దాయన చూసి, ఒకదాని మొదలు దగ్గర మట్టి వేళ్లతో తీసి చూపించారు. కింద బొటనవేలంత వేరు అడ్డంగా పోతోంది. మొక్క దాని మీంచే లేచింది. అరటి పిలకలా! పది చోట్ల తవ్వి చూస్తే ఏడు పిలకలే.

తల్లి చెట్టు మాను మీద దూది అంటించినట్టు తెల్లటి మచ్చలున్నాయి. అది పొలుసు పురుగు. యూరప్ నుంచి 1890 ప్రాంతంలో కెనడాలోని హాలిఫాక్స్‌కి చేరి అక్కణ్నుంచి పాకింది. అది గుచ్చిన చోట బూజు తెగులు చొరబడి బెరడుని చంపుతుంది. పెద్ద చెట్టు చావబోతూ వేళ్ల నుంచి గుంపుగా పిలకలు వేస్తుంది, ఆ నీడలో మేపుల్ మొలకలు ఎదగలేవు. దానికి తోడు జింకలు మేపుల్ చిగుళ్లు తింటాయి, బీచ్ జోలికి అంతగా రావు. పెద్ద చెట్లు మాత్రమే లెక్కేస్తే ఇది మేపుల్ అడవి. మోకాలి ఎత్తులో చూస్తే బీచ్ అడవి.

సెప్టెంబర్ 20
43 మొలకల్లో 11 మిగిలాయి. ఇంకేం రాయబుద్ధి కాలేదు.

నవంబర్ 9
బీచ్ లెక్కకి ఇదే మంచి సమయమని ఇప్పుడు తెలిసింది. అన్నీ ఆకులు రాల్చేశాక బీచ్ పిలకలు మాత్రం రాగి రంగు ఎండుటాకులు పట్టుకునే ఉంటాయి, దూరం నుంచే ఎంచొచ్చు. 64 వచ్చాయి. జూన్‌లో వదిలేసిన మూడూ ఎల్లో బర్చ్ వెనకున్నాయి. ఆ బర్చ్ ఎప్పుడో ఒక మోడు మీద మొలిచి ఉంటుంది. మోడు కుళ్లిపోయింది, వేళ్లు స్టూలు కాళ్లలా నేలకి పైన నిలబడ్డాయి. ఆ సందులో చేయి పెట్టి వెతికితే నా పాత బాల్‌పెన్ను దొరికింది.