ఫొటో చూసి మెట్ల వాలు కొలవడం: నా అనుభవం

ఫొటోలో మెట్ల రెయిలింగ్ మీద కోణమానిని పెడితే 50 డిగ్రీలు చూపించింది. అంత వాలుంటే అవి మెట్లు కావు, నిచ్చెన. ఫొటో ఏటవాలుగా తీసింది, కాబట్టి ఆ అంకెను పట్టించుకోనక్కర్లేదు. అసలు కోణం కావాలంటే ముందు కెమెరా సంగతి తేల్చాలి.

తేల్చాల్సింది ఫోకల్ లెంగ్త్ (లెన్స్‌కూ బొమ్మ పడే తలానికీ మధ్య దూరం), అదీ పిక్సెళ్లలో. ఫొటో సైజు 4000×3000. ఎగ్జిఫ్‌లో, అంటే ఫొటో ఫైల్లో కెమెరా రాసే వివరాల్లో, 35 ఎంఎం ఫిల్మ్ లెక్కన 26 అని ఉంది. ఆ ఫిల్మ్ ఫ్రేము వెడల్పు 36 ఎంఎం, కర్ణం 43.27. వెడల్పును 36తో భాగించి 26తో గుణిస్తే 2889, కర్ణాన్ని 43.27తో భాగించి గుణిస్తే 3004. ఏది నమ్మాలి? చదరంగం గళ్లు ప్రింట్ తీసి, అట్టకు అంటించి, అట్టను అటూ ఇటూ తిప్పి ఫొటోలు తీసి ఓపెన్‌సీవీకి (బొమ్మల్ని విశ్లేషించే ఉచిత సాఫ్ట్‌వేర్) ఇచ్చాను. కెమెరా కొలతలు తేల్చడానికి 2000లో పరిశోధకుడు జాంగ్ ప్రచురించిన పద్ధతే దాని వెనకున్నది. జవాబు 3000 దగ్గర తేలింది. లెన్స్ వల్ల వచ్చే వంకర ఎంతో కూడా అందులోనే దొరుకుతుంది. అది సరిచేయకుండా గీతలు గీయడం దండగ, అంచుల్లో తిన్నని కడ్డీ కూడా వంగే కనిపిస్తుంది.

ఇక అసలు పని. రెయిలింగ్ పై పట్టీ, కింది పట్టీ నిజానికి సమాంతరాలు. ఫొటోలో పొడిగిస్తే ఫ్రేము బయటెక్కడో కలుస్తాయి: మధ్యబిందువుకు కుడివైపు 4000, పైకి 4800 పిక్సెళ్ల దూరంలో. నిలువు కడ్డీలు కుడికి 100, కిందికి 9000 దగ్గర కలిశాయి. వీటినే వానిషింగ్ పాయింట్లంటారు. ఒక్కోదానికి మూడో అంకెగా ఫోకల్ లెంగ్త్ చేరిస్తే చాలు, కెమెరా నుంచి చూస్తే ఆ పట్టీల, కడ్డీల అసలు దిశ వచ్చేస్తుంది (కిందికి ప్లస్, పైకి మైనస్): (4000, −4800, 3000), (100, 9000, 3000). నాకు బాగా నచ్చింది ఇక్కడే. కెమెరా ఎంత దూరంలో ఉందో, మెట్లు ఎంత పెద్దవో ఎవరూ అడగలేదు. మిగిలింది రెండు దిశల మధ్య కోణం చెప్పే మామూలు డాట్ ప్రోడక్ట్. కొసైన్ −0.514, అంటే 121 డిగ్రీలు. రెండో దిశ నేలవైపు చూస్తోంది కాబట్టి 90 తీసేస్తే వాలు 31.

టేపుతో కొలిస్తే మెట్టు ఎత్తు 17, వెడల్పు 28.5 సెంటీమీటర్లు, అంటే 30.8 డిగ్రీలు. 2889 పెట్టి ఉంటే 32 వచ్చేది.

తేడా వచ్చే అవకాశం ఎక్కువగా పట్టీల దగ్గరే. ఉన్నవి రెండే, పక్కపక్కనే. గీత కోసం పట్టీ చివర పెట్టే క్లిక్ ఒక పిక్సెల్ జరిగితే కలిసే చోటు చాలా దూరం జరుగుతుంది. అందుకే చివర్లు బాగా జూమ్ చేసి పెట్టాను. క్రాప్ చేసిన ఫొటోకైతే ఈ దారి కుదరదు, మధ్యబిందువు మారిపోతుంది. అప్పుడు ఒకదానికొకటి లంబంగా ఉన్న మూడు దిశల వానిషింగ్ పాయింట్లు వెతకాలి. ఆ మూడూ కలిపితే వచ్చే త్రిభుజపు లంబకేంద్రమే (ఎత్తులు కలిసే చోటు) అసలు మధ్యబిందువు, ఫోకల్ లెంగ్త్ కూడా దాన్నుంచే వస్తుంది.